దవఖాన పేరే ఎరుక, దుర్గాబాయి కత ఎరుకనా?

హైదరాబాద్‌ల విద్యానగర్ దిక్కు పోయినోళ్లకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ దవఖాన ఎరుకే. ఢిల్లీల సదువుకునే మన పిలగాండ్లకు అదే పేరు మెట్రో స్టేషన్ బోర్డు మీద గూడ కనవడ్తది. పోటీ పరీక్షలకు తయారయ్యేటోళ్లకు ఇంకో ముక్క తెల్సు, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలని. ఒక మార్కు బిట్టు, గంతే. ఆమె బతుకంత ఏం పని జేసిందని అడిగితే మనకాడ జవాబు ఉండది. మొన్నమొన్నటి దాంక నాకాడ గూడ లేకుండె.

నేను ఆమె గురించి సదువుడు మొదలువెట్టింది మా నాయినమ్మ యాదికొచ్చి. 1990ల మొదట్ల మా ఊర్ల సాక్షరత బడి పెట్టిన్రు. నేనప్పుడు పదేండ్ల పోరన్ని. మాపటీలి గుడి అరుగు మీద కందిలి వెట్టి ఆడోళ్లకు పలకలు పంచిన్రు. మా నాయినమ్మ గూడ పనంత ఒడగొట్టుకోని పోయి కూసున్నది. పేర్లు రాసుకునే సారు వయసెంత అని అడిగిండు. ఆమెకేం తెల్సు, రజాకార్ల నాటికి తనకు ఇద్దరు పిల్లలని చెప్పింది. సారు లెక్క గట్టి, అరవై దాటినయని పేరు రాసుకోలే. ఈ బడి 15 ఏండ్ల సంది 35 ఏండ్ల దాంకనే అని చెప్పి పలక తిరిగి తీసుకున్నడు. సారు చెడ్డోడేం గాదు. మీదికెల్లి వచ్చిన కాయిదంల అట్లనే ఉండె. మా నాయినమ్మ గూడ ఏమనలే. ఇంటికొచ్చి బర్రెకు గడ్డేసింది. చచ్చిపోయే దాంక ఏలిముద్రనే ఏసింది.

ఆ 35 అనే గీత నా మనసుల ముల్లు లెక్క ఉండిపోయింది. దుర్గాబాయి బతుకు సదువుతుంటే అదే అంకె మల్ల ఎదురయ్యింది, అదీ రెండు తాపలు. అందుకే ఈ ముచ్చట రాస్తున్న.

1909 జులై 15న రాజమండ్రిల పుట్టింది దుర్గాబాయి. ఎనిమిదేండ్లకే పెండ్లి జేసిన్రు. గప్పటి లెక్కల అది వింతేం గాదు. వింత ఏందంటే, ఈడొచ్చినంక ఆ పెండ్లిని తాను ఒప్పుకుంటలేనని, కాపురానికి పోనని చెప్పేసింది. తండ్రి బిడ్డ దిక్కే నిలవడ్డడు. నూరేండ్ల కిందటి తండ్రి సంగతి ఇది. ఇయ్యాల్టికీ ఇంటర్ సదివే బిడ్డకు సంబంధం ఖాయం జేసి ఆఖరికి చెప్పే తండ్రులు మన ఊర్లల్ల ఉన్నరు.

ఇంగ్లీషు మీడియం నెత్తిన రుద్దుతున్నరని పన్నెండేండ్ల ఈడుల బడి ఇడిచిపెట్టింది. బడి ఇడిచిన పిల్ల ఇంట్ల ఊకె కూసోలే. హిందీ నేర్సుకోని, ఆడపిల్లలకు, ఆడోళ్లకు చెప్పేటందుకు బాలికా హిందీ పాఠశాల అని సొంతంగ ఒక బడి పెట్టింది. సదువు మానేసిన పిల్లే పంతులమ్మ అయింది. జాతీయ ఉద్యమం గట్టిగున్న కాలం, హిందీ రావుడంటే దేశంల ఏం జరుగుతున్నదో తెలుసుడన్నట్టు.

1921ల గాంధీ కాకినాడ వచ్చిండు. దేవదాసీ ఆడోళ్లు, పరదాల ఉండే ముస్లిం ఆడోళ్లు ఆయన మాట ఇనాలని ఈ పిల్ల పట్టువట్టింది. పెద్దోళ్లు 5 వేల రూపాయలు జమజేస్తే సూద్దామన్నరు. పిల్ల ఊకుంటదనుకున్నరేమో. ఆ దేవదాసీ ఆడోళ్లే పైసలు జమజేసిన్రు. గాంధీ వచ్చి మాట్లాడిండు, ఆయన హిందీని తెలుగుల చెప్పింది ఈ పన్నెండేండ్లు నిండని పిల్లనే. ఊరు అంటరానోళ్ల లెక్క సూసే ఆడోళ్లను ఎతికి పట్టుకోని, మీటింగు వాళ్ల కోసమే పెట్టించింది. సూడుర్రి, ముందుగాల్నే ఆమె సూపు ఎవలి మీద వడ్డదో.

రెండేండ్ల తర్వాత కాకినాడ కాంగ్రెస్ సభల ఖాదీ ప్రదర్శన గేటు కాడ నిలవడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపిన ముచ్చట మస్తు మంది చెప్తరు. బాగుంటది గనీ ఆ ఒక్క కతతోని ఆమెను ముగించుడు నాకు నచ్చది. ఆమె జేసిన పెద్ద పని జైలుకు పోయొచ్చినంక మొదలైంది.

1930ల ఉప్పు సత్యాగ్రహంల దిగి జైలుకు పోయింది. 1930కి, 1933కి నడుమ మూడు తాపలు శిక్ష వడ్డది. వేలూరు, మదురై జైళ్లల్ల ఉన్నది, ఒంటరి కొట్టులనూ ఉంచిన్రు. జైలుల ఉద్యమంల పట్టువడ్డోళ్లే గాదు, ఖూనీ కేసులల్ల ఏండ్లకేండ్ల శిక్ష వడ్డ బీద ఆడోళ్లు గూడ ఉండిన్రు. కోర్టుల ఏం జరిగింది, తమ తరపున ఏం చెప్పుకోవచ్చు, ఎవల్ని అడగాలె, ఇదేదీ వాళ్లకు తెల్వదు. అక్షరం రాక, చట్టం తెల్వక లోపల పడి ఉన్నరు. వాళ్లను సూసినంక దుర్గాబాయి రెండు సంగతులు మనసుల పెట్టుకున్నది. మల్ల సదువుకోవాలె. అందుల చట్టం సదువుకోవాలె.

బయటికొచ్చే సరికి ఆమెకు ఇరవై నాలుగేండ్లు. చేతుల పదో తరగతి లేదు. బడి ఇడిచి పన్నెండేండ్లయింది. మన ఊర్ల అయితే ఈ ఈడుల ఇంకేం సదువు అంటరు. జైలుకు పోయొచ్చిన పేరున్నది, ఉద్యమంల ఇంకా మీదికి పోవచ్చు. అన్నీ పక్కకు వెట్టి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కూసున్నది. బడికి పోకుంట ప్రైవేటుగ రాసే తొవ్వ అది. పాసయింది. ఆ తొవ్వ యాది పెట్టుకోర్రి, తర్వాత వేల మంది ఆడోళ్లు గదే తొవ్వల నడిచిన్రు.

వాల్తేరుల ఆంధ్ర విశ్వవిద్యాలయంల బీఏ సదువుదామని పోతే, ఆడపిల్లలకు హాస్టల్ లేదు, ఎట్ల తీసుకుంటం అన్నడు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఆమె ఎనుకకు మర్రలే. సదువుకోవాలనుకునే ఆడపిల్లలు ఇంకెవలన్న ఉన్నరా అని పేపర్ల ప్రకటన ఏయించింది. జవాబులు వచ్చిన్రు. వచ్చినోళ్లంత కలిసి తామే హాస్టల్ పెట్టుకున్నరు. ఇగ కాదననీకి ఆయనకు సాకు లేకుండె. రాజనీతి శాస్త్రంల మంచి మార్కులతోని బయటికొచ్చి, మద్రాసుల న్యాయశాస్త్రం సదివి, 1942 నాటికి వకీలయింది. పన్నెండేండ్లకు బడి ఇడిచిన పిల్ల ముప్పై దాటినంక నల్లకోటు ఏసుకున్నది.

నా దృష్టిల ఆమె గొప్పతనం ఆ కోటు కాడ లేదు. తాను సదువుతుండంగనే, 1937ల మద్రాసుల ఆంధ్ర మహిళా సభ మొదలువెట్టింది. ఇయ్యాల కాలేజీలు, దవఖానలు, శిక్షణ సంస్థలు ఉన్న ఆ సభ మొదటి పనులల్ల ఒకటి ఏందో ఎరుకనా? బడి ఈడు దాటిపోయిన ఆడోళ్లను కూసోవెట్టి, తాను రాసిన ఆ బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుజేసుడు. మొగడు పోయినోళ్లు, మొగడు ఇడిచిపెట్టినోళ్లు, సదువు నడిమిట్ల ఆగినోళ్లు. తాను ఎక్కిన నిచ్చెనను గుంజేసుకోలే, ఇంకొకలకు ఏసింది. మీదికి పోయినంక కింద చూడనోళ్లు మన చుట్టూ ఎంత మంది లేరు, నేను వేరే చెప్పాల్నా.

1946ల రాజ్యాంగ సభకు పోయింది. ఆ సభల ఉన్న 15 మంది ఆడోళ్లల్ల ఆమె ఒకామె. సవరణలు వందలకు వందలు ఇచ్చింది. అండ్ల ఒక్కటి సూస్తా. రాజ్యసభకు నిలవడేటోళ్లకు తక్కువల తక్కువ 35 ఏండ్లు ఉండాలని ముసాయిదాల ఉంటే, దాన్ని 30కి దించాలని ఆమె కొట్లాడింది. తెలివికి, వయసుకు లంకె పెట్టుడు సరిగాదన్నది ఆమె వాదన. అది నెగ్గింది. ఇయ్యాల్టికీ రాజ్యసభ సభ్యత్వానికి 30 ఏండ్లే. మా నాయినమ్మ కాడికెల్లి పలక గుంజుకున్న అంకె 35. రాజ్యాంగంల ఈమె కొట్టేయించిన అంకె గూడ 35. పై దిక్కు గీతను ఆమె చెరిపింది. కింది దిక్కు గీత ఉండిపోయింది.

1952ల పార్లమెంటు ఎన్నికల గెలవలే. ప్రణాళికా సంఘంల సభ్యురాలిగ తీసుకున్నరు. 1953 జనవరిల అప్పటి ఆర్థిక మంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌ను పెండ్లి జేసుకున్నది. నలభై నాలుగో ఏట, తన ఇష్టంతోని. ఆ ఏడే ఆగస్టుల కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి పెట్టిన్రు, దానికి ఆమెనే మొదటి అధ్యక్షురాలు.

అక్కడ కూసున్నంక ఆమెకు ఒక చిక్కు ఎదురయ్యింది. ఊర్లల్ల బాలవాడీలు నడపాలె, దాయమ్మలు గావాలె, నర్సులు గావాలె, పంతులమ్మలు గావాలె. సర్కారు కాడ పైసలున్నయి, పని జేయనీకి సదువుకున్న ఆడోళ్లు దొరకుతలేరు. ఇంకో దిక్కు అదే ఊర్లల్ల దిక్కులేని ఆడోళ్లు మస్తు మంది, పని జేస్తమంటరు గనీ చేతుల సర్టిఫికెట్ లేదు. పదేండ్ల సదువు మొదటికెల్లి సదువుమంటే వాళ్లతోని అయ్యేది గాదు. పిల్లలతోని కలిసి బడిల కూసోలేరు. అట్లని, ఈ ఈడు దాంక బతికిన ఆడామెకు లెక్కలు, లోకం, మనుషులు ఏం తెల్వయా? చిన్నపిల్లకు పదేండ్లు పట్టే సదువు ఈమెకు రెండేండ్లల్ల ఎక్కుతది. 1958ల మొదలైన కండెన్స్‌డ్ కోర్సులు ఈ ఆలోచన మీదనే నిలవడ్డయి. మద్రాసుల తాను నడిపిన క్లాసునే దేశానికంత పెంచిందన్నట్టు. అదే ఏడు ఆడోళ్ల సదువు మీద ఏసిన జాతీయ కమిటీకి గూడ ఆమెనే అధ్యక్షురాలు.

నాకు ఇండ్ల బాగా నచ్చింది ఒక్కటి. పెద్దల సదువు అంటే పిల్లల పుస్తకం తెచ్చి ముంగట పెట్టుడు గాదు అని ఆమె ముందే పట్టుకున్నది. అరవై ఏండ్ల అవ్వకు అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని చెప్తే ఆమెకు ఎట్లుంటది? ఆవును సాదిందే ఆమె. ఆమెకు కావాల్సింది బ్యాంకు పుస్తకంల ఎంతున్నదో సదువుడు, గోలీ పట్టీ మీద తారీకు సూసుడు, మందుల చీటీల పొద్దుటి గోలీ ఏది మాపటి గోలీ ఏది తెలుసుడు.

ఇప్పుడు ఒక మాట దాచకుంట చెప్పాలె. ఆ కండెన్స్‌డ్ కోర్సు గూడ మా నాయినమ్మ కోసం పెట్టింది గాదు. సదివి కొలువు జేసే ఈడు ఆడోళ్ల కోసం పెట్టింది. దేశానికి పనికొస్తరా లేదా అనే లెక్క దాని ఎనుక ఉన్నది. గా కాలంల గా అవసరం ఉండె, కాదంటలేను. గనీ పనికొస్తేనే సదువా? బుక్కెడు పుస్తకం సదువుకోని సంబురపడనీకి సదువు కాదా? ఈ ప్రశ్న దుర్గాబాయి బతుకుల గూడ శానా ఆలస్యంగనే వచ్చిందని నాకనిపిస్తది.

అరవై దాటినంక, భార్యాభర్తలిద్దరు హైదరాబాద్ వచ్చి ఉన్నరు. ఆ ఈడుల మన పెద్దమనుషులు ఏం జేస్తరు, సన్మానాలు జేయించుకుంటరు. ఈమె అక్షరాస్యత పనిల దిగింది. ఆంధ్ర మహిళా సభ తరపున లిటరసీ హౌజ్ పెట్టించి, వయోజనులకు చెప్పే పంతుళ్లకు శిక్షణ, అప్పుడప్పుడే అక్షరం నేర్సినోళ్లు సదువుకునేటట్టు చిన్న పుస్తకాలు, ఈ పనులు నడిపించింది. కొత్తగ నేర్సినోళ్లకు సదువనీకి ఏం లేకపోతే నేర్సింది ఆర్నెల్లల్ల మర్సిపోతరు. అక్షరం నేర్పినంక పుస్తకం ఇయ్యకపోవుడంటే నాటేసి నీళ్లు వెట్టకపోవుడే. 1975ల పద్మవిభూషణ్ ఇచ్చిన్రు. 1981 మే 9న కాలం జేసింది. రాజకీయంల ఎంత ఎత్తు సూసినా, ఆఖరికి ఆమె పని పలకా బలపం కాడికే వచ్చి ఆగింది.

ఆమె బతికుండంగనే, 1978 అక్టోబర్ 2న దేశమంత జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. 10 కోట్ల మందికి అక్షరం నేర్పాలని లెక్క. వయసు 15 నుంచి 35. ఇగో, గీత గీసింది గిక్కడ. 1988ల వచ్చిన జాతీయ సాక్షరతా మిషన్ గూడ అదే గీతను అందుకున్నది. పైసలు తక్కువ, మంది ఎక్కువ, ముందుగాల పడుచోళ్లకు చెప్దాం అనుకున్నరు. కాయిదం మీద అది తెలివైన లెక్కనే. అరుగు మీదికెల్లి లేచి ఇంటికొచ్చిన ముసలామెకు అది ఎట్ల కనవడ్డదో ఆ కాయిదం రాసినోళ్లకు తెల్వదు.

ఆ మిషన్ వల్ల ఏం కాలేదని నేననను. నెల్లూరు జిల్లా దూబగుంటల రాత్రి బడికి వచ్చిన ఆడోళ్లు అక్షరాలు దిద్దుకుంట దిద్దుకుంట తమ ఇండ్లల్ల సారా చేస్తున్న నాశనం గురించి మాట్లాడుకున్నరు. తెల్లారి పోయి సారా ఆపిన్రు. అది రాష్ట్రమంత అంటుకోని 1993 అక్టోబర్ల సర్కారే సారా బంద్ వెట్టాల్సి వచ్చింది. దుర్గాబాయి పోయిన పదేండ్లకు జరిగిన ముచ్చట ఇది. జైలుల ఆ ఆడోళ్లను సూసి ఆమె ఏదైతే అనుకున్నదో, అది దూబగుంటల నిజమైంది. ఇండ్ల అక్షరం పాత్ర సగమే. పది మంది ఆడోళ్లు ఎవలి పర్మిషన్ లేకుంట పొద్దుమీకి ఒక్కకాడ కూసునుడు మిగిలిన సగం. ఇంట్ల ఒక్కతే కూసోవెట్టి ఫోన్ల వీడియో చూపిస్తే దూబగుంట కాదు.

35 గీత కాయిదం మీద పోయింది 2009ల, సాక్షర భారత్ వచ్చినంక. 15 దాటినోళ్లు ఎవలైనా రావచ్చన్నరు. ఊరికొక లోక్ శిక్షా కేంద్రం, అండ్ల పేపర్లు, పుస్తకాలు, ఇద్దరు సమన్వయకర్తలు. వాళ్లకు గౌరవ వేతనం నెలకు 2 వేలు. ఉపాధి హామీల మట్టి పని చేసినా అంతకంటే ఎక్కువొస్తది. అయినా కొన్నూర్లల్ల ఆ గది ముసలోళ్లకు కూసునే జాగ అయింది. పేపరొకలు సదివితె పది మంది ఇనేది. 2018 మార్చిల ఆ పథకం ముగిసింది. గది తాళం వడ్డది. ఇప్పుడు ఉల్లాస్ అని కొత్తది నడుస్తున్నది, 2022 నుంచి 2027 దాంక. దీంట్ల గూడ వయసుకు పై గీత లేదు, మంచిదే. అయితే చెప్పేటోళ్లకు జీతం లేదు, స్వచ్ఛందంగ చెప్పాలె. పిలగాండ్లు చెప్తరు, నెల రోజులు. పరీక్షలొస్తే పోతరు. కొలువొస్తే ఊరే ఇడుస్తరు. వాళ్ల తప్పేం లేదు. దుర్గాబాయి కాలంల గూడ సంక్షేమం అంటే సేవనే అన్నరు గనీ, ఊర్ల పని జేసే ఆడోళ్లకు ఆమె శిక్షణ ఇప్పించి, కొలువు ఇప్పించి పెట్టింది. ఊకె చెయ్యమనలే.

2011 జనాభా లెక్కల తెలంగాణల నూటికి 58 మంది ఆడోళ్లకే అక్షరం వచ్చని తేలింది. ముసలోళ్లను విడిగ లెక్క తీస్తే అది ఎంత కిందికి పోతదో ఊర్ల ఉన్న మీకు చెప్పనక్కర్లేదు. కొడుకు దుబాయి, బిడ్డ హైదరాబాద్, ఇంట్ల అవ్వ ఒక్కతే. పింఛిని కాడ ఏలు మిషన్ మీద పడది, గీతలు అరిగిపోయినయి. ఫోన్ల వచ్చిన ఓటీపీ ఎవలికి చెప్పొద్దో ఎవలికి చెప్పాల్నో తెల్వదు. మనం పది మందిమి కలిసి సర్పంచును, మండల ఆఫీసును అడగాల్సింది పెద్దదేం గాదు. తాళం వడ్డ గది తెరువుర్రి, మాపటీలి రెండు గంటలు లైటు వెయ్యుర్రి, చెప్పేటామెకు బతికే జీతం ఇయ్యుర్రి. ముసలోళ్లు వాళ్లంతట వాళ్లే వస్తరు. రారనేటోళ్లు మా నాయినమ్మను సూడలే.

మేం మా ఊర్ల పోయిన దసరా తర్వాత కమ్యూనిటీ హాలు వరండాల మొదలువెట్టినం. ఏడుగురు అవ్వలు, ఇద్దరు తాతలు. ఏం నేర్సుకుంటరు అని అడిగితే సంతకం అంటరనుకున్న. అనలే. ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక బిడ్డల ఇండ్లకు, జాతరలకు ఒక్కళ్లే పోవడ్తిరి. బస్టాండుల ప్రతి బస్సుకు ఎదురు పోయి ఏడికి పోతదని అడుగుడు, పోరగాండ్లు చెప్పక మొకం తిప్పుకునుడు, గది వాళ్లకు తక్లీఫ్. బోర్డు సదువుడు నేర్పుమన్నరు. అందుకే అట్టల మీద పెద్ద అక్షరాలతోని సిరిసిల్ల, కరీంనగర్, జగిత్యాల, వేములవాడ అని రాసిన. సిరిసిల్ల పేరుల ల కింద ల ఎందుకని అడిగి అందరు నవ్విన్రు. వేములవాడ ముందుగాల వచ్చింది. జగిత్యాల ఇంకా వస్తలేదు, త్యా కాడ ఆగుతున్నరు. ఈ వారం గూడ అదే.